కూలిన గుమ్మానికి కుంకుమ బొట్టు

హైదరాబాద్ కార్వాన్‌లో పట్టపగలు, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఇంటెలిజెన్స్ ఏజెంట్ సాయికుమార్ కుప్పకూలాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఒంటి మీద దొరికింది ఒక్క ఉక్కు కడెం. నొక్కితే జంట బేడీలుగా విడిపోయే డిపార్ట్‌మెంట్ కడెం.

దినాలు కాగానే అది చెల్లెలు అమల చేతికెక్కింది. ఆమె కూడా ఏజెంటే. "మా అన్నను చంపినోళ్లకు దీన్నే తొడుగుత" అన్నది. తల్లి సత్తెమ్మకు మాత్రం కొడుకు గుండె ఆగి పోయాడనే తెలుసు. బిడ్డ ఏదో ఆఫీసులో టైపు కొడుతుందనే నమ్మకం.

శుక్రవారం పొద్దున చీఫ్ సీమోను బ్రీఫింగ్ ఇచ్చాడు.

"హుస్సేనీ ఆలం, పాత నవాబు బంగళా, దేవిడీ. పెయింటింగుల ఎగ్జిబిషన్. మన మిసైల్ సైంటిస్టులు ఫ్యామిలీలతోని వస్తున్నరు. విదేశీ గూఢచారుల రింగ్ ఏదో చేస్తదని టిప్. రింగ్ లోపల మన మనిషి కీర్తిప్రియ ఉంది, పాత పెయింటింగులు బాగుచేస్తది. ఆమెను కలువు. ఇంకోటి అమలా, పగను ఇంట్ల పెట్టి పో."

"ఇంట్ల అమ్మ ఉంది సార్. చూస్తే భయపడ్తది."

ఎగ్జిబిషన్‌లో అమల వాళ్ల బొమ్మ కూడా ఉంది. బాగుచేసి పెడతామని ముందే ఇంటి నుంచి తీసుకుపోయారు. పాలు పోసిన తాతకు ఏనాడో ఒక నవాబు బహుమానంగా ఇచ్చింది. నూటయాభై ఏళ్ల కిందటి పెయింటింగ్. రోమ్ శిథిలాలు, విరిగిన స్తంభాలు, మధ్యలో మేకలు. కూలిన ఇంటి బొమ్మ ఇంట్లో ఉంటే అరిష్టం. పెద్దలిచ్చింది పారేయలేం. కీడెంచి మేలెంచమన్నారు. అందుకే సత్తెమ్మ ప్రతి శుక్రవారం ఆ కూలిన గుమ్మానికి కుంకుమ బొట్టు పెట్టేది.

అమల క్యాటరింగ్ ఏప్రన్ కట్టుకుని, చాయ్ ట్రేతో లోపలికి వెళ్లింది. ఆ బొమ్మ పక్కనే పట్టుచీర, వజ్రాల కమ్మలు, ఖరీదైన సెంటు. కీర్తిప్రియ.

"కూలిన గోడకు సున్నమెందుకు?" అమల కోడ్ చెప్పింది.

"పండుగ ఎవరింటికైనా వస్తుంది." జవాబు సరిపోయింది. "బాంబు గేటు దగ్గర వ్యాన్‌లో ఉంది. త్వరగా వెళ్లు. పెయింటింగులన్నీ నేనే చెక్ చేశాను."

అమల కదలబోయింది. ఇంతలో చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అమ్మ.

"బిడ్డా, ఎగ్జిబిషన్ చూడ పోతనంటివి గదా. ఇయ్యాల శుక్రవారం. మన బొమ్మకు బొట్టు పెట్టు. నాకు పొద్దటి సంది ఎడమ కన్ను కాదు, కుడి కన్ను అదురుతుంది."

"ఇప్పుడా అమ్మా!" విసుక్కుంటూనే అలవాటుగా పాత బొట్టును బొటనవేలితో తుడిచింది. వేలికి ఏమీ అంటలేదు. గోరుతో గీకింది. రాలేదు. అమ్మ కుంకుమ ముట్టుకుంటేనే రాలుతుంది. ఇది ఆరిన ఆయిల్ పెయింట్!

అంటే బొట్టే కాదు, బొమ్మ మొత్తం నకలు. దాన్ని చూసి దించినామె ఎరుపు చుక్కను కూడా చిత్రకారుడే వేశాడనుకుంది. బాగుచేయడానికి బొమ్మ ఎవరి చేతికి పోయింది? మన మనిషినంటూ అన్న పక్కన కూర్చుని చాయ్ తాగగలిగేదెవరు?

కడెం క్లిక్‌మంది. ఒక కొస కీర్తిప్రియ మణికట్టుకు, ఇంకోటి ఫ్రేమును బిగించిన ఇనుప కొక్కేనికి.

"ఏంటిది? పిచ్చా నీకు?"

"మా అన్నది. గుర్తుపట్టినవా?" అమల ఫ్రేము వెనక చెక్క లాగింది. టైమర్ మీద ఎర్రటి అంకెలు కరిగిపోతున్నాయి. "నువ్వు గీసిన బొమ్మేగా. ఇద్దరం నిలబడి చూద్దాం. చాయ్ తాగుతవా? మా అన్నకు తాగిపిచ్చినవ్ గదా."

"నేనే! సూది నేనే గుచ్చాను! నీకు దండం పెడతా, తియ్!"

అమల గుండీలోని మైకులో సీమోను అంతా విన్నాడు.

"ఏ వైరు?" అమల అడిగింది.

"పచ్చది! పచ్చది!"

అమల చెయ్యి లేవలేదు. కళ్ల ముందు నేల మీద అన్న. పక్క గదిలో ఎవరో తల్లి పిల్లకు ముద్దలు కలిపి పెడుతూ "ఇదొక్కటే, ఇదొక్కటే" అని బతిమాలుతోంది. అమల పళ్లు కొరికి, పచ్చ వైరు కోసింది.

టైమర్ ఒకటి మీద ఆగింది.

అసలు బొమ్మ కీర్తిప్రియ కారు డిక్కీలో దొరికింది. బేడీలతో ఆమెను జీపు ఎక్కిస్తుండగా మళ్లీ ఫోన్.

"బొట్టు పెట్టినవా బిడ్డా? పెట్టకుంటే ఎవరి కొంపనో కూలుతది!"

"కూలిందమ్మా" అన్నది అమల, కదిలిపోతున్న జీపును చూస్తూ. "మనది గాదు."