చింపిన ఎర్ర పట్టీ

ఆ ఆసుపత్రిలో పెద్ద సిస్టరంటే అందరికీ హడల్. ఇరవై రెండేళ్ళ సర్వీసు. దుప్పటి మడత వంకరగా ఉన్నా ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు పొద్దున కూడా మామూలుగానే ఓపీ వరండాలో నిలబడి, ఫినాయిల్ నీళ్ళు మరీ పల్చగా కలిపినందుకు ఊడ్చేవాడిని దులిపేస్తోంది. బయట మంచి ఎండ. చీటీల దగ్గర క్యూ. ఎవరికో ఎక్కిళ్ళు ఆగకపోతే పక్కవాళ్ళు నవ్వుతున్నారు.

పదకొండు గంటలకు, వీధి చివర ఉన్న బట్టల ఫ్యాక్టరీ మూడో అంతస్తు రెండో అంతస్తు మీద కూలింది.

అరగంటలో వరండా నిండిపోయింది. ఇంతమంది ఒకేసారి వచ్చిపడితే ముందు ఎవరిని చూడాలో తేల్చడం పెద్ద సిస్టర్ పని. మనిషికి అర నిమిషం, అంతే. ఊపిరి చూడాలి, నాడి చూడాలి, మణికట్టుకి కార్డు కట్టాలి. కార్డు కింద నాలుగు రంగుల పట్టీలుంటాయి. అట్టడుగున ఆకుపచ్చ, నడవగలిగినవాళ్ళకి. దానిపైన పసుపు, కాసేపు ఆగగలిగినవాళ్ళకి. ఆపైన ఎరుపు, వెంటనే టేబుల్ ఎక్కించాల్సినవాళ్ళకి. అన్నిటికంటే పైన నలుపు. దాని అర్థం ఎవరూ నోటితో చెప్పరు. కిందనుంచి చింపుకుంటూ పోతే చివర మిగిలిందే ఆ మనిషి రంగు. ఒకసారి చింపిన పట్టీ మళ్ళీ అతకదు.

పది మందికి నలుపు కట్టింది. అర నిమిషం చొప్పున ఐదు నిమిషాలు. ఏడవడానికి కూడా తీరిక లేదు.

తర్వాత చూసినావిడ కుట్టుమిషను మీద పనిచేసే మనిషి. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. పొట్ట గట్టిపడిపోతోంది, లోపల రక్తం పోతోంది. ఎరుపు. "అక్కా, నా వంతెప్పుడు?" అని చెయ్యి పట్టుకుంది. ఇప్పుడే, నీదేనంది పెద్ద సిస్టర్. ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క టేబుల్.

సరిగ్గా అప్పుడు దిగాడు ఆసుపత్రి సూపరింటెండెంటు బావమరిది. కూలిన ఫ్యాక్టరీకి మేనేజరు. తన కాళ్ళ మీద తాను నడుస్తూ, ఫోన్లో ఎవరినో తిడుతూ వచ్చాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, అంతే. ఆమె ఆకుపచ్చ కట్టింది. వెనకే వచ్చిన సూపరింటెండెంటు, ఇతనికి కొత్త కార్డు రాయండి, ఎరుపు అన్నాడు. ఉన్నది ఒక్క టేబులే సార్ అని ఆమె గొణిగింది. ఆయన వంగి, కుట్టుమిషను ఆవిడ కార్డుకున్న ఎర్ర పట్టీని రెండు వేళ్ళతో పుటుక్కున చింపేశాడు, బస్సు టిక్కెట్టు చింపినట్టు.

"ఈవిడెలాగూ దక్కదు. కానివ్వండి సిస్టర్."

అందరినీ హడలగొట్టే ఆ నోరు అప్పుడు పెగల్లేదు. కొత్త కార్డు ఆమే రాసింది. తన చేత్తోనే.

కుట్టుమిషను ఆవిడని వెనకవైపు ఫిజియోథెరపీ గదిలోకి, నలుపు కట్టి అక్కడ చేర్చిన ఆ పదిమంది పక్కకి తోసేశారు. అక్కడ నలభై నిమిషాలు బతికే ఉందట. తలుపు దగ్గర కాపలా ఉన్నవాడు చెప్పాడు.

నాలుగింటికి సూపరింటెండెంటు కాగితం తెచ్చాడు. ఆవిడని తెచ్చేటప్పటికే నలుపని పెద్ద సిస్టర్ సంతకం పెట్టాలి. గదిలో ఉన్న పదకొండు కార్డులూ తెచ్చి జతచెయ్యాలి. బావమరిది ఆయన గదిలో సోఫా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్ద సిస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కాగితం తీసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫిజియోథెరపీ గదికి కిటికీల్లేవు. పొద్దుటినుంచి కరెంటు లేదు. సిమెంటు దుమ్ము వాసన, దాని వెనకే మర్దనా నూనె వాసన, దాని వెనక ఇంకోటి. భుజాల కసరత్తుకి వేలాడదీసిన తాడు గాలి లేకుండానే మెల్లగా ఊగుతోంది. సిస్టర్ టార్చి వేసింది. నేల మీద వరసగా పది దుప్పట్లు. చివర స్ట్రెచర్ మీద ఆవిడ.

మణికట్టు ఎత్తి చూసింది. చల్లగా ఉంది.

కార్డుకి ఎర్ర పట్టీ ఉంది.

కొత్త కార్డేమో అనుకుంది. కాదు. తన రాతే. పొద్దున తన బొటనవేలి నుంచి అంటిన రక్తం మరక కూడా అక్కడే ఉంది. అతికించిన గుర్తు లేదు... చింపిన గుర్తు కూడా లేదు.

"అక్కా..."

ఆవిడ పెదాలు కదల్లేదు.

"నా వంతు వచ్చిందా?"

పెద్ద సిస్టర్ గోడ పట్టుకుంది. పారిపోవాలనిపించింది. కానీ పొద్దుటినుంచి కడుపులో రగులుతున్న కోపం ఆ భయం కంటే పెద్దది. స్ట్రెచర్ బ్రేకు తీసి, తోసుకుంటూ నేరుగా సూపరింటెండెంటు గది ముందుకి తెచ్చింది.

"శవాన్ని ఇక్కడికెందుకు తెచ్చారు? మతి పోయిందా?" అన్నాడాయన.

"కార్డు చదవండి సార్."

చదివాడు. మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, ఎర్ర పట్టీ పట్టుకుని చింపాడు. కింద ఎరుపు. మళ్ళీ చింపాడు. ఎరుపు. పిచ్చెక్కినట్టు చింపుతూనే ఉన్నాడు... పుటుక్, పుటుక్... ఆయన బూట్లు మునిగేంత ఎర్ర ముక్కలు పోగుపడ్డాయి. బావమరిది చెయ్యి పట్టి లాగినా ఆయన ఆగలేదు. ఆగలేకపోతున్నాడు. వేళ్ళ చివర్లు చీలి రక్తం వస్తోంది.

పెద్ద సిస్టర్ చూస్తూ నిలబడింది. జాలి ఆవగింజంత కూడా కలగలేదు. కాగితం తిప్పి, వెనక జరిగింది జరిగినట్టు రాసింది: ఎవరు చింపారు, ఎవరి కోసం, కొత్త కార్డు ఎవరు రాశారు. తన పేరు కూడా దాచకుండా రాసి సంతకం పెట్టింది. పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరి బాగా ఆడింది. తప్పు ఆయనది. ఆయనొక్కడిదే కాకపోవచ్చు, కానీ ముందు ఆయనది. మిగతా పదిమందికీ తను న్యాయంగానే చూసింది.

వాళ్ళ కార్డులు తెద్దామని వెనక్కి వెళ్ళింది.

మొదటి దుప్పటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. నలుపు కింద, పొద్దున తను చింపేసిన ఎరుపు మళ్ళీ ఉంది. రెండోది ఎరుపు. మూడోది పసుపు. ఇవి ఎవరూ వచ్చి చింపినవి కావు. ఈ పదీ ఆమే చూసింది, ఆమే చింపింది... మనిషికి అర నిమిషం.

"నేను సరిగ్గానే చూశాను," అంది. తర్వాతి మణికట్టు ఎత్తింది.

ఎరుపు. ఎరుపు. పసుపు. ఎరుపు... పదో దుప్పటి బయట కార్డు ఒక్కటే పడి ఉంది. దానికి ఒక్క పట్టీ కూడా ఊడలేదు. అట్టడుగున ఆకుపచ్చ, నడవగలిగినవాళ్ళ రంగు.

దుప్పటి కింద ఎవరూ లేరు.