టెంకాయ లేవని చోట

ఆదిలక్ష్మి రాగి సంగటి ముద్ద మీద ఊరిబిండి పచ్చడి వేసి పళ్ళెం ముందు పెట్టింది. రెడ్డెప్ప ఉతికిన పంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని తినడానికి కూర్చున్నాడు. పెద్దతిప్పసముద్రం పోవాలి. ఆ ఊరి రైతు ఒకరు బోరు పాయింటు చూడమని వారం ముందే చెప్పి ఉన్నాడు.

సోమల, పుంగనూరు చుట్టుపక్కల రెడ్డెప్పను ఎరగని రైతు లేడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేను మీద నడుస్తాడు. నీళ్ళున్న చోటికి రాగానే టెంకాయ నిలువుగా లేస్తుంది. అక్కడ ఒక రాయి పెడతాడు. ఆ రాయి మీదే బోరు బండి దిగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఫోన్ మోగింది.

"అప్పా, ఈ పొద్దు వద్దులే. మా పిల్లోడు మదనపల్లె నుంచి నీళ్ళు సూసే మిషన్ పిలిపిస్తాండాడు. ఏమీ అనుకోవద్దు," అన్నాడు ఆ రైతు.

"సరేప్పా, దాన్లో ఏముండాది," అని రెడ్డెప్ప ఫోన్ పక్కన పెట్టాడు. ఈ వారంలో ఇది మూడోది. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో ఇలా ఎప్పుడూ జరగలేదు.

"ఏందంట?" అంది ఆదిలక్ష్మి.

ఆయన జవాబు చెప్పేలోపే వాకిట్లో అలికిడి అయింది. మునిరత్నం వచ్చాడు. ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళు. రోజూ పొద్దున ఇక్కడ టీ తాగందే మునిరత్నానికి తెల్లవారదు. ఈ రోజు మాత్రం గడప దాటి లోపలికి రాలేదు.

"రా, కూసో," అన్నాడు రెడ్డెప్ప.

"కూసోను. ఇది సూడు." మునిరత్నం సెల్లు తీసి ముందుకు చాచాడు. "మూడు దినాలుగా అన్ని గ్రూపుల్లో తిరుగుతాండాది. నీ కూతురు రాసిందేనా?"

అచ్చు వేసిన పేజీకి తీసిన ఫోటో అది. పైన జాహ్నవి పేరు, కుప్పంలో ఆమె పరిశోధన చేసే విభాగం పేరు ఉన్నాయి. రెడ్డెప్ప కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

'పాయింటు పెట్టే ముందు ఆర్ గారు చుట్టుపక్కల బోర్ల లోతు గురించి వాకబు చేస్తారు. పుట్టలు, చెట్ల వాలు గమనిస్తారు. టెంకాయ చేతికి వచ్చేది ఆ తర్వాతే. ఒకసారి టెంకాయ లేవకపోయినా, చిన్ననాటి మిత్రుడు బతిమాలాడని రాయి పెట్టారు. ఆ బోరు ఎనిమిది వందల అడుగులు దించినా తడి తగల్లేదు. టెంకాయ లేవలేదన్న సంగతి ఆయన ఇంతవరకు ఆ మిత్రుడికి చెప్పలేదు.'

"ఆ మిత్రుడు నేనే కదా," అన్నాడు మునిరత్నం. "ఆ బోరు నాదే కదా. లేచిందా, లేదా? ఒక్క మాట సెప్పు."

రెడ్డెప్ప కళ్ళజోడు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఆరేండ్లు! నా కండ్ల ముందర నా మామిడి చెట్లు ఎండిపోతాంటే నా పక్కన కూసోని టీ తాగినావు. 'గంగమ్మ కనికరించలేదు మునిరత్నం' అంటివి. గంగమ్మ మీదికి తోసినావే!"

అతడు వెనుతిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. పళ్ళెంలో సంగటి అలాగే ఉండిపోయింది.

టెంకాయ లేవలేదన్న మాట రెడ్డెప్ప ఎవరికీ చెప్పలేదు, ఒక్కరికి తప్ప. రెండేళ్ళ కిందట విషజ్వరంతో మదనపల్లె ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు, ఇక బతకనేమో అనుకున్న రోజు, తడిగుడ్డతో నుదురు తుడుస్తున్న కూతురి చెయ్యి పట్టుకుని చెప్పుకున్నాడు. కడుపులోని బరువు బిడ్డ దగ్గర దించుకున్నాననుకున్నాడు.

ఆదిలక్ష్మి ఫోన్ చేసిన మరునాడు జాహ్నవి కుప్పం నుంచి బస్సెక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. భుజానికి ల్యాప్‌టాప్ సంచి, ముఖంలో కంగారు. తండ్రి పంచలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి కూడా కదల్లేదు.

"నాయనా, దాన్ని నేను గ్రూపుల్లో పెట్టలేదు. మదనపల్లెలో సెమినార్‌కు రాసిన వ్యాసం అది. ఎవరో ఒక్క పేజీ ఫోటో తీసి తిప్పినారు. పైన, కింద ఏముందో ఎవరూ చదవలేదు," అంది నిలబడే.

"ఆ ఒక్క పేజీ నువ్వు రాసిందే కదా?"

"నీ పేరు రాయలేదు."

"పేరు లేకపోతే మనిషి లేడా? టెంకాయ పట్టే 'ఆర్ గారు' ఈ సుట్టుపక్కల ఎంతమంది ఉండారు పాపా?"

జాహ్నవి సంచి దించి ఆయన ఎదురుగా కూర్చుంది. తన చదువు గురించి తండ్రికి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదని ఆమెకు అప్పుడే తోచింది.

"నిన్ను మోసగాడివని రాయలేదు నాయనా. చదువుకున్నవాళ్ళు టెంకాయ అంటే మూఢనమ్మకం అని నవ్వుతారు. అది తప్పని చెప్పడానికే రాసినా. యాక్టర్ నెట్‌వర్క్ థియరీ అని ఒక పద్ధతి ఉండాది. ఒక పని జరిగిందంటే అది మనుషులు మాత్రమే చేసింది కాదు, వస్తువులు కూడా కలిసి చేస్తాయి అంటుంది. బోరు పాయింటు పెట్టేది నువ్వొక్కడివే కాదు. టెంకాయ, పుట్ట, పక్క చేని బోరు, రైతు భయం, అన్నీ కలిసి పెడతాయి. వాటి జాడ ఒక్కొక్కటిగా పట్టుకుని పోవాల. ఏది గొప్ప, ఏది తక్కువ అని ముందే అనుకోకూడదు. అన్నిటినీ ఒకే కంటితో చూడాల."

"నన్నూ, టెంకాయనూ?"

"చూసేటప్పుడు... అవును నాయనా."

రెడ్డెప్ప తల ఊపాడు. "అందుకే నీకు తేడా తెలీకుండా పోయింది. టెంకాయను పగలగొడితే దానికి నొప్పి ఉండదు పాపా."

జాహ్నవికి కళ్ళు చెమర్చాయి. కానీ ఏడాదిగా రాత్రీ పగలూ కష్టపడి రాసిన రాత అది. తనను తాను కాపాడుకోవాలన్న తొందరలో అనకూడని మాట అనేసింది.

"నువ్వు ఒప్పుకున్నావు కదా! అనుమతి కాగితం మీద సంతకం పెట్టినావు. నా దగ్గర ఉండాది."

రెడ్డెప్ప గొంతు పెరగలేదు, తగ్గింది.

"నా బిడ్డ సంతకం పెట్టమంటే పెట్టినా. ఏమి రాసుండాదో సదవలా. ఇల్లు రాసిమ్మన్నా సదవకుండానే పెట్టింటా. పరాయోడు ఆ కాగితం తెచ్చింటే నాలుగుసార్లు సదివింటా. ఆస్పత్రిలో నేను సెప్పుకున్నది ఎవరికనుకుంటివి? కుప్పం కాలేజీకా?"

అంతసేపూ తలుపు దగ్గర నిలబడి వింటున్న ఆదిలక్ష్మి మెల్లగా అడిగింది. "దాన్లో నేను కూడా ఉండానా మే?"

జాహ్నవి తల దించుకుంది. "నువ్వు లేవమ్మా."

"టెంకాయ వెనకాల పోయినానంటివే. ముప్పై ఏండ్లుగా సంతలో టెంకాయ ఏరి తెచ్చేది నేను కదా. నీళ్ళు కదిలేది కాదు, మూడు కండ్లు సరిగా ఉండేది సూసి తెస్తాను. నన్నెప్పుడూ అడగలా నువ్వు."

ఆమె కోపంతో అనలేదు. అందుకే ఆ మాట జాహ్నవిని ఇంకా లోతుగా తాకింది. సంచి తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి దానిలోంచి పాత నోటుబుక్కు తీసింది. ఆస్పత్రి రోజుల పేజీలు వెతికింది. నాయన చెప్పింది చెప్పినట్టు ఉంది. ఆయనకు కునుకు పట్టగానే వరండాలోకి వెళ్ళి రాసుకున్నది. పక్కన 'చాలా ముఖ్యం' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆ గీతలు గీసినప్పుడు తనకు సంతోషం వేసింది. నాయన బతుకుతాడో లేదో తెలియని రోజున, మంచి సమాచారం దొరికిందని సంతోషం వేసింది. జాహ్నవి గోడకు జారగిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వ్యాసంలో టెంకాయ గురించి రాసింది, పుట్ట గురించి రాసింది. నుదురు తుడుస్తూ విన్న కూతురి గురించి, ఆమె నోటుబుక్కు గురించి ఒక్క ముక్క లేదు. అవేమీ అక్కడ లేనట్టే, ఆ మాట గాలిలోంచి వచ్చినట్టే రాసింది.

ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. "నేను మునిరత్నం మామ దగ్గరికి పోతా. తప్పు నాది. కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వు పోతే ఏమొస్తాది? ఆయప్పకు అబద్ధం సెప్పింది నువ్వా?" అన్నాడు రెడ్డెప్ప విసుగ్గా. ఆ మాట తన చెవిన పడగానే ఆగిపోయాడు. నిన్నటి నుంచి బిడ్డ నమ్మకద్రోహం చేసిందని కుమిలిపోతున్నాడు. వాకిట్లో నిలబడి మునిరత్నం అడిగింది కూడా అదే కదా. ఆరేళ్ళు అతడి నమ్మకాన్ని తాగుతూ తాను కూర్చున్నాడు.

లేచి చెప్పులు వేసుకున్నాడు. జాహ్నవి నాలుగడుగులు వెనక నడిచింది.

మునిరత్నం ఇల్లు ఊరి చివర. అతడి భార్య శాంతమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. వీళ్ళను చూసి చాప పరిచింది. మునిరత్నం మంచం దిగలేదు.

"లేయలేదు మునిరత్నం," అన్నాడు రెడ్డెప్ప నిలబడే. "ఆ పొద్దు నీ చేన్లో మూడు సుట్లు తిరిగినా. టెంకాయ లేయలా. అయినా వేలితో నేనే నిలబెట్టి రాయి పెట్టినా. బోరు ఎండిపోయినంక సెప్పే ధైర్యం లేకపోయ. దినాలు పోయేకొద్దీ ఇంకా లేకపోయ."

శాంతమ్మ చేతిలో పని ఆగింది.

"లేయలేదని సెప్పింటే ఆ పొద్దు నిన్ను తిట్టింటా. మళ్ళా మర్నాడు నీ దగ్గరికే వచ్చింటా," అన్నాడు మునిరత్నం. తర్వాత జాహ్నవి వైపు తిరిగాడు. "ఏమ్మే, నేను బతిమాలినానని రాస్తివే. ఎందుకని బతిమాలినానో నన్ను అడిగినావా?"

"లేదు మామా."

"ఆ పొద్దు బోరు బండి యాడ ఉండెనో మీ నాయనన్నా సెప్పినాడా?"

రెడ్డెప్ప కనుబొమలు ముడిచాడు. "గట్టు కాడ..."

"గట్టు కాడ! పాయింటు పెట్టకముందే వచ్చి నిలబడుండె. గుర్రంకొండలో ఇంకో బోరు ఉండాది, ఇప్పుడు దించకపోతే పోతా, మళ్ళా నెలకు గానీ రానని డ్రైవరు హారన్ కొడతానే ఉండె. పూత రాలిపోతాండాది. ఈమెకు మోకాళ్ళు వాచి బిందె ఎత్తలేకుండా ఉండాది. ఆ హారన్ ఇంటాంటే నా బుర్ర పని చేయలా. రాయి పెట్టప్పా, రాయి పెట్టప్పా అని మీ నాయన మీద పడితి."

రెడ్డెప్ప కళ్ళు పెద్దవయ్యాయి. ఆరేళ్ళలో ఆ హారన్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మోసం చేసిన తన చెయ్యి ఒక్కటే గుర్తుండిపోయింది. ఇప్పుడు ఆ మోత, ఆ పొగ వాసన, చెమటతో జారుతున్న టెంకాయ అన్నీ ఒక్కసారిగా ఒంటి మీదికి వచ్చాయి. ఆయన చాప మీద కూలబడి తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

మునిరత్నం మంచం దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. అతడి వీపు మీద చెయ్యి వేశాడు.

"మామా, ఆ భాగం మొత్తం తీసేస్తా," అంది జాహ్నవి.

"తీసేస్తే సెల్లుల్లోంచి పోతాదా? నా పేరు సెప్పి నా మాట పెట్టు. ఆ బండిని పెట్టు. పెట్టేముందు తెచ్చి మాకు సదివి ఇనిపించు."

"ముందు నా గురించి రాస్తా. నేను ఎవరో, ఆ మాట ఎట్ల విన్నానో, అడక్కుండా ఎట్ల వాడుకున్నానో."

శాంతమ్మ లేచి లోపలికి పోయి పొయ్యి మీద పాలు పెట్టింది.

మరునాడు సాయంత్రం జాహ్నవి పంచలో తండ్రి ఎదుట కూర్చుంది. తల్లి టెంకాయలు ఎలా ఏరుతుందో పొద్దున్నే అడిగి రాసుకుంది. రాసింది వినిపిస్తే ఆదిలక్ష్మి రెండు చోట్ల దిద్దించింది. ఇప్పుడు నాయన వంతు. ఆయన ముఖంలో కోపం పూర్తిగా పోలేదని ఆమెకు తెలుసు. పోవాలని అడగడానికి తనకు హక్కు లేదనీ తెలుసు.

రెడ్డెప్ప ఆమె చేతిలోని నోటుబుక్కు చూసి అడిగాడు.

"ఇంకో సంగతి ఉండాది పాపా. ఆస్పత్రిలో సెప్పలేకపోయినా. ఇప్పుడు సెప్తే ఎవరికి సెప్పినట్టు? నా బిడ్డకా, కాలేజీ ఆమెకా?"

జాహ్నవి పెన్నుకు మూత పెట్టింది. నోటుబుక్కు తీసుకెళ్ళి లోపలి గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వచ్చి ఆయన మోకాలి పక్కన కూర్చుంది.

"నీ బిడ్డకు నాయనా," అంది.

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.