పోలీసులకు పోసిన గ్లాసు

ఆ మంగళవారం ఉదయం డొమెనికా చేయవలసిన పనులు: పొయ్యి రాజెయ్యాలి. భర్త గాస్పరె నల్లకోటు ఇస్త్రీ చెయ్యాలి. రొట్టే జున్నూ మూటగట్టాలి. పదింటికల్లా జిల్లా కోర్టులో ఉండాలి. అక్కడ ఒక్క అబద్ధం చెప్పాలి.

అమెరికాలో మద్యనిషేధం వచ్చాక కూడా ఆ కొలరాడో రాష్ట్రపు బొగ్గుగనుల ఊళ్లో నేలమాళిగలో వైన్ పీపా లేని ఇటలీవాళ్ల ఇల్లు లేదు. మార్చిలో ఇద్దరు పోలీసులు వారెంటు లేకుండా వచ్చి మంచులో నిలబడ్డారు. డొమెనికాయే లోపలికి రమ్మంది. గడప దాటినవాడికి గ్లాసు పొయ్యకపోతే అవమానించినట్టే. పోసింది. వాళ్లు తాగి, మూతి తుడుచుకుని, పీపా ఎక్కడుందని అడిగారు.

పీపా దొరికింది, కింది కోర్టు గాస్పరెకు ఆరునెలల జైలు వేసింది. అప్పీలులో జిల్లా కోర్టు సాక్షులను మళ్లీ మొదటినుంచి వింటుంది.

"తోసుకొచ్చారని చెప్పు. అప్పుడు సోదా చెల్లదు, నాన్న బయటపడతాడని వకీలు చెప్పాడుగా" అంది కూతురు ఒలింపియా.

"నేనే రమ్మన్నానే."

"ఆ మాటే ఊరంతా చెప్పుకుని నవ్వుతోంది! దొంగొస్తే పీటేసి కూర్చోబెట్టే రకం నువ్వు. ఆ దగ్గుతో నాన్న జైలుకెళ్తే తిరిగొస్తాడా?"

గాస్పరె దగ్గు ఆపుకుంటూ గుండీలు పెట్టుకున్నాడు. "దాన్ననకే. ఈ దేశం వచ్చిన కొత్తలో మాకెవరూ తలుపు తియ్యలేదు. మన తలుపు ఎవరికీ వెయ్యనని మీ అమ్మ ఆనాడే అనుకుంది."

డొమెనికా రొట్టే జున్నూ మూటగట్టింది. కోర్టులో తల వంచుకుని, "తోసుకొచ్చారు" అంది.

ప్రభుత్వ వకీలు లేచాడు. "తోసుకొచ్చినవాళ్లకి వైన్ ఎందుకు పోశావమ్మా?"

డొమెనికా చివ్వున తలెత్తింది. "అదేం ప్రశ్న బాబూ? పిలిచి కూర్చోబెట్టాక పొయ్యరా?"

కోర్టంతా గొల్లున నవ్వింది. ఒలింపియా కళ్లు మూసుకుంది. అప్పీలు కొట్టేశారు. జైలుకు వెళ్తూ గాస్పరె భార్య చెయ్యి నొక్కాడు. "పోనీలేవే, నీకు రాని పని చెప్పాం."

నాలుగో నెలలో శవం ఇంటికొచ్చింది.

మట్టి చేసిన మర్నాడు ఆ ఇద్దరు పోలీసుల్లో పెద్దవాడు టోపీ చేతపట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒలింపియా తలుపు వెయ్యబోయింది.

"రండి బాబూ, కూర్చోండి" అని లోపలినుంచి డొమెనికా కుర్చీ జరిపింది. "వైన్ లేదు. మంచినీళ్లివ్వవే, తల్లీ."

ఒలింపియాకు అప్పుడు అర్థమైంది. నాన్న ఆఖరిసారి నొక్కింది, ఎవరికీ తలుపు వెయ్యలేని ఈ అమ్మ చేతినే. ఆమె గ్లాసు అందించి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. పోలీసు నీళ్లు తాగలేకపోయాడు.

మీ గడప తొక్కినవారికి మంచినీళ్లు అందించేటప్పుడు, ఒక్కసారి డొమెనికాను తలచుకోండి.