బస్తాలుంటేనే కారెక్కే గంగాబాయి

ఆ పొద్దున గంగాకిషన్ ఇంట్లో అందరూ తొందరగానే తయారయ్యారు. భీమ్‌గల్‌లో ఉన్న కూతురు గంగామణికి కొడుకు పుట్టాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పిల్లాణ్ణి తొట్టెల్లో వేస్తారు. కారు తుడిచి వాకిట్లో పెట్టారు. ఆయన భార్య గంగాబాయి మాత్రం గోడకు ఒరిగి కదలకుండా కూర్చుంది.

"మోకాళ్లు గుంజుతున్నయ్. మీరు పోయి రాండ్రి," అంది.

గంగాకిషన్ ఆర్మూర్‌లో పేరున్న పసుపు వ్యాపారి. కోపం వస్తే ముందు ఆయన మీసం వణుకుతుంది, తర్వాత ఇల్లు. "బిడ్డ ఇంటికి రావా? మొన్న నిజామాబాద్‌కు పసుపు బస్తాల పక్కన కూసొని ఎట్ల వచ్చినవ్? గప్పుడు లేవా మోకాళ్లు? బిడ్డ కన్న పసుపే ముద్దా నీకు?"

గంగాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోడలు సీతాబాయికి ఆ మాట ఆశ్చర్యం కలిగించింది. నిజమే మరి. ఏడాదిగా అత్తగారు పెళ్లికి రాదు, పేరంటానికి రాదు. కారులో బస్తాలు వేస్తే మాత్రం బయలుదేరుతుంది, మళ్లీ ఇల్లు చేరేదాకా కారు దిగదు. బస్తాలకు కాపలా వెళ్తుందని, పిసినారి అని బజారంతా నవ్వుకుంటోంది. కూలివాళ్లకు వడ్డించేటప్పుడు చాలనేదాకా చెయ్యి ఆపని మనిషి పిసినారి ఎట్లా అవుతుంది?

సీతాబాయికి ఏదైనా అర్థం కాకపోతే అన్నం సయించదు. హైదరాబాదులో ఒక జాగీర్దారు దగ్గర ఈ ఫ్రెంచి కారు కొని తెచ్చిన రోజే వంగి దాని కిందికి చూసి మొగుణ్ణి విసిగించింది. "ముందు చక్రాలే లాగుతయ్, ఎడ్లు బండిని లాగినట్టు. ఎనుక చక్రాలకు పొయ్యే రాడ్డు లేదు, గందుకే గింత కిందికున్నది," అని దేవిదాస్ చెప్పాడు. ఎక్కడానికి బయట మెట్టు కూడా లేదు, అవసరం లేదు కనుక. కానీ చేను బాటలో బండి జాడల నడుమ గట్టు కారు కడుపుకు గీసుకునేది. కిందటేడు తండ్రి మాట మీద దేవిదాస్ కారు బరువు మోసే ఇనుప కడ్డీలను తిప్పి బిగించి బెత్తెడు పైకి లేపాడు. అప్పటినుంచి ఆర్మూర్‌లో తన కారంత ఎత్తు కారు లేదని గంగాకిషన్ మురిసిపోతున్నాడు.

సీతాబాయి చటుక్కున లేచింది. "ఇగో, రెండు బస్తాలు కారుల ఎయ్యి."

"తొట్టెలకు పసుపు బస్తాలా? పిచ్చి లేసిందా?" అన్నాడు దేవిదాస్.

"ఎయ్యరాదు! నాకొకటి చూడాలె."

గొణుక్కుంటూనే వెనక సీటు మీద ఒక పక్కకు రెండు బస్తాలు వేశాడు. కారు మూలిగి వెనక వైపు కుంగింది. సీతాబాయి కారు తలుపు గడప ఎత్తు తన కాలితో కొలిచి చూసుకుంది. "అత్తమ్మా, జర ఇటు రాండ్రి."

గంగాబాయి కారు వంక, కోడలి వంక చూసింది. మెల్లగా వచ్చి తలుపు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుంది.

వాకిట్లో అందరూ కారు చుట్టూ మూగారు.

"కాలు గింతకన్న మీదికి లేస్తలేదు బిడ్డా," అంది తల వంచుకుని. "ఒకపారి పీట ఏస్కొని చూసిన. జారి పడ్డ."

"నాకు చెప్పొద్దా?" గంగాకిషన్ అరిచాడు. "నేను ఎత్తి కూసోపెట్టకపోదునా?"

"బజార్ల నడుమ నన్ను గూడ బస్తా లెక్క ఎత్తేస్తవా?" గంగాబాయి ఏడుపు ఆపుకోలేకపోయింది. "కారు లేపించి ఎంత సంబురపడ్డవ్! దించుమని ఏ మొఖం పెట్టుకొని అడుగాలె?"

గంగాకిషన్ అరుగు మీద కూలబడ్డాడు. ఇందాక తానన్న మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. "దేవిదాస్, దించు."

"చేను బాటల మళ్ల కడుపు తాకుతది బాపూ."

"చేనుకు నేను ఎడ్లబండి మీద పోత. నువ్వు దించు."

బస్తాలు దింపేసి దేవిదాస్ జాకీ పెట్టాడు. సీతాబాయి పానా అందిస్తూ పక్కనే కూర్చుంది. కడ్డీ విరగదా అని, రెండు పక్కలా సమానమైందని ఎట్లా తెలుస్తుందని ప్రాణం తీసింది. అతను ఒకే పుల్లతో రెండు వైపులా కొలిచి చూపించాడు. మధ్యాహ్నానికి కారు మళ్లీ నేలకు దగ్గరైంది. గంగాబాయి బస్తాలు లేకుండానే ఎక్కింది.

భీమ్‌గల్‌లో కూతురింటి సందు మలుపు తిరగగానే కారు కడుపు నేలకు గర్రున గీసుకుంది. దేవిదాస్ బండి ఆపాడు. గంగాకిషన్ కొత్త ధోవతి దుమ్ములో పడుతున్నా లెక్క చేయకుండా దిగాడు. సీతాబాయి కూడా దిగింది.

"నేను గూడ దిగుత," అంది గంగాబాయి.

"నువ్వు కూసో. బరువు తగ్గితే పోతది." ఆయన వంగి కిందికి చూస్తూ, "జర ఎడమకు, ఇంకా జర," అని కేకలేస్తూ కారు పక్కనే నడిచాడు.

అరుగు మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. "ఏం సావుకారీ, కారు ఖరాబైందా?"

"లేదే. మా ఇంటామె బిడ్డ దగ్గరికి వచ్చింది."

గంగామణి పసివాణ్ణి ఎత్తుకుని గుమ్మంలోకి పరుగున వచ్చింది. తల్లి తనంతట తానే కాలు కింద పెట్టి దిగడం చూసి బావురుమంది. "రావేమో అనుకున్ననే అవ్వా."

"రాకపోతనా బిడ్డా?" మనవడి కోసం చేతులు చాపింది గంగాబాయి. "మీ బాపు నడుసుకుంట తోలుకొచ్చిండు."