అడిగితే సగం

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి ఓడలు మళ్ళీ చీకట్లో ఆగిపోయాయి.

"ఇంధనం అయిపోయింది కదా. ఇక నువ్వు అవుట్," అంది లాయరమ్మ. ఇంట్లో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. ఏ మాటకైనా వాదన పెట్టుకుంటుంది మరి.

తమ్ముడు తలూపాడు. తన నీలం ఓడలను ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టేశాడు. గొణగలేదు, అలగలేదు. వాడితో వచ్చిన చిక్కే అది.

వాడు పిన్ని కొడుకు. పిన్ని జబ్బు చేసి పోయింది. బాబాయి లారీ తోలుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. అందుకని వాడిని తెచ్చి ఈ ఇంట్లో దింపారు. లాయరమ్మ గదిలో సగం, బీరువాలో సగం వాడిదైపోయింది. పైగా అమ్మ అస్తమానం, "తమ్ముణ్ణి కూడా ఆడించవే," అంటుంది.

సరే, ఆడించింది. ఆట పేరు 'ఆఖరి నక్షత్రం'. బల్ల నిండా పరుచుకునే ఆకాశం, గ్రహాలు, ఓడలు, ఇంధనం బిళ్ళలు, ఇటుకంత రూల్స్ పుస్తకం. నాన్న చేతిలో ఓడీ ఓడీ నేర్చుకుంది లాయరమ్మ. తమ్ముడికి రూల్స్ అన్నీ తనే చెప్పింది. ఒక్కటి తప్ప.

ఇంధనం అయిపోయినవాళ్ళు పక్క ఓడను అడగవచ్చు. అడిగితే, ఉన్నదాంట్లో సగం ఇచ్చి తీరాలి.

ఆ ఒక్కటీ దాచేస్తే ఎప్పుడూ తనదే గెలుపు. గెలవడం ఎంత బాగుంటుందో పాపం ఆ పిల్లకు అప్పుడే తెలిసింది.

మర్నాడు బడి నుంచి వస్తూ తమ్ముడు కుంటుతున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా."

ఇంటికొచ్చాక అమ్మ వాడి బూటు విప్పింది. సాక్సు మడమకు అంటుకుపోయింది. మెల్లగా లాగినా చర్మం లేచి వచ్చింది. బూట్లు ఎప్పుడో ఇరుకైపోయాయి. పిల్లాడు వేళ్ళు ముడుచుకుని నడుస్తున్నాడు.

అమ్మ ముఖం పాలిపోయింది. "బూట్లు పట్టట్లేదని నన్ను అడగొచ్చు కదరా, నాన్నా?"

"అడగొచ్చని తెలీదు పెద్దమ్మా," అన్నాడు వాడు, ఏదో తప్పు చేసినట్టు నేల చూపులు చూస్తూ.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. చాలాసేపు కట్టలేదు. లాయరమ్మ కళ్ళు ఆట డబ్బా వైపు తిరిగాయి.

ఆ సాయంత్రం రూల్స్ పుస్తకం తెచ్చి వాడి ముందు తెరిచి పెట్టింది. "ఇది చదువు."

వాడు వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది మొదట్నుంచీ ఉందా అక్కా?"

"ఉంది. కావాలనే చెప్పలేదు. నువ్వు ఓడిపోవాలని."

వాడు పుస్తకం మూసేశాడు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయింది లాయరమ్మ.

ఆ వారమంతా వాడు బల్ల దగ్గరకు రాలేదు. శనివారం తనంతట తనే వచ్చి నీలం ఓడలు పేర్చాడు.

ఆట సాగింది. వాడి ఇంధనం మళ్ళీ అయిపోయింది. లాయరమ్మ ఎర్ర ఓడ పక్కనే ఉంది. ఒక్క గడి దాటితే ఆఖరి నక్షత్రం తనదే.

వాడు అడగలేదు. పెదవి కొరుక్కుంటూ బిళ్ళల వంక చూస్తున్నాడు. అడక్కుండా ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు.

"నా వంతు వదిలేస్తున్నా," అంది లాయరమ్మ.

వాడూ కదల్లేక వదిలేశాడు.

"మళ్ళీ వదిలేస్తున్నా."

అలా ఎన్ని వంతులు పోయాయో. బయట చీకటి పడింది. అమ్మ వచ్చి లైటు వేసి వెళ్ళింది. లాయరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"అక్కా," అన్నాడు వాడు చివరికి. "కొంచెం ఇస్తావా?"

"కొంచెం కాదు, సగం," అంది లాయరమ్మ. తన బిళ్ళలన్నీ బల్ల మీద కుమ్మరించి, వాడి కళ్ళెదుటే రెండు కుప్పలు చేసింది. ఒకటి మిగిలింది. దాన్ని వాడి కుప్పలో వేసింది.