ముసుగు మనిషి చిరిగిన జేబు

ఆ రోజు నవంబరు పద్దెనిమిది అని మాస్టారికి బాగా గుర్తు. మధ్యాహ్నం లాయరమ్మ ఆఫీసులో ఇద్దరూ వెన్న రాసిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. రొట్టెలో ఒక ముక్క మాడింది. ఆ ముక్కను లాయరమ్మ తన పళ్ళెంలోకి లాక్కుంది. భార్య పోయిన దగ్గర్నుంచీ ఇలాంటివి మాస్టారి కంటపడకుండా పోవు.

వకాలతు మానేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా మారినా వీధిలో అందరికీ ఆమె లాయరమ్మే. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఆమెకు సహాయకుడు, ఆమె తెలివికి వీరాభిమాని.

చేతులు కడుక్కుంటుండగా ఒక అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డది ఏడుపుతో కాదు, కోపంతో.

"నన్ను దొంగన్నారండీ! ఊరంతా చదివేలా రాసి మరీ అన్నారు!"

ఆ అమ్మాయి బాబాయి నడిపే కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేస్తుంది. ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఒక మిస్టరీ ఆట ఆడుతుంది. అది తెరమీద బొమ్మలు కదులుతుంటే మాటలు చదువుకుంటూ ఆడే నవల, భాగాలుగా వస్తోంది. అందులో ముసుగు వేసుకుని సత్రంలో దిగిన మనిషి ఎవరన్నది అభిమానుల మధ్య పెద్ద తగువు.

"ఏట్లో మునిగిపోయిందనుకున్న డాక్టరు భార్యే ఆ ముసుగు మనిషి అన్నాను. అందరూ నవ్వారు. డాక్టరు భార్య కోటుకు ఎడమ జేబు చిరిగింది, ముసుగు మనిషి కోటుకు కుడి జేబు, ఇద్దరూ ఒకరెలా అవుతారని."

"మీరేమన్నారు?"

"గుండీలు కూడా పక్క మారాయి, కళ్ళు పెట్టి చూడండన్నాను. మనిషి రెండోవైపుకి చూడాలంటే కొత్త బొమ్మ గీయరండీ, ఉన్నదాన్నే అద్దంలోలా తిప్పేస్తారు. కోటూ ఒకటే, మనిషీ ఒకటే. పోయిన వారమే రాశానిది."

నిన్న, చివరి భాగం ఇంకా రాకుండానే, ముసుగు తీసిన బొమ్మను ఎవరో పేరు లేకుండా బయటపెట్టారు. కింద ఆమె పలికే ఆఖరి మాటలు కూడా ఉన్నాయి. ముఖం డాక్టరు భార్యదే! ఆట తయారుచేసినవాళ్ళు వెంటనే ప్రకటించేశారు: దొంగ ఈ అమ్మాయే, పోయిన నెల మా కంప్యూటరు రిపేరుకు వెళ్ళింది వాళ్ళ షాపుకేనని.

"షాపు గడప ఎవరూ తొక్కట్లేదు. బాబాయి నన్నింక రావద్దన్నాడు. బుర్రపెట్టి ఆలోచిస్తే దొంగతనమాండీ?"

లాయరమ్మ ఫోనులో ఆ బొమ్మను పెద్దది చేసి చూసింది. ముసుగు మనిషి కోటుకు చిరిగింది ఎడమ జేబు. "పదండి మాస్టారూ," అంది.

ఆట తయారయ్యేది ఒక ఇరుకు మేడగదిలో. యజమాని అదే రోజు పొద్దున ప్రయాణం నుంచి వచ్చాడు. ఆటలో ఉన్న చివరి బొమ్మ చూపించాడు. చిరిగింది కుడి జేబు.

"ఆఖరి మాటలు ఎవరికి తెలుసు?"

"నాకూ రచయితగారికీ."

"మరి బయటపడ్డ బొమ్మలో ఎడమ జేబు చిరిగి ఉందే?" అని లాయరమ్మ అడిగితే, పక్కనే ఉన్న చిత్రకారుడు నసిగాడు. "ఆ అమ్మాయి రాసింది చదివితే సిగ్గేసిందండీ. తిప్పకుండా మళ్ళీ గీసి, జేబు సరిచేశాను. రచయితగారికొక్కరికే పంపాను, సరేనంటే ఆటలో పెడదామని."

"ఆఖరి మాటలు చదివారా?"

"మాకెవరు చూపిస్తారండీ! బొమ్మలేసేవాడికి మాటలెందుకంటారు."

మూల కుర్చీలో ఉన్న రచయిత మాత్రం కాలు మీద కాలు తీయలేదు. "నా రహస్యం విప్పడం ఎవరి తరమూ కాదు. స్క్రూలు బిగించుకునే పిల్ల విప్పిందా, దొంగిలించకుండా?"

ఎన్నడూ గొంతు పెంచని మాస్టారికి చెవులు వేడెక్కాయి.

సాయంత్రం లాయరమ్మ అందరినీ ఆ గదిలోకే పిలిచింది, అమ్మాయి బాబాయితో సహా.

"పోయిన నెల రిపేరుకు వెళ్ళిన కంప్యూటర్లో ఉన్నది కుడి జేబు చిరిగిన బొమ్మ. బయటపడింది ఎడమ జేబుది. అది గీసింది ఈ వారంలో. కాబట్టి ఈ అమ్మాయికి అది దొరికే దారే లేదు. యజమాని దగ్గర మాటలున్నాయి, కొత్త బొమ్మ లేదు. చిత్రకారుడి దగ్గర కొత్త బొమ్మ ఉంది, మాటల్లేవు. రెండూ ఉన్నది ఒక్కరి దగ్గరే."

అందరూ రచయిత వైపు తిరిగారు.

"మూడేళ్ళు రాశాను!" అరిచాడతను. "ఒక్క జేబు చూసి చెప్పేస్తుందా? చివరి భాగం రాగానే అందరూ తననే మెచ్చుకుంటారా? దొంగిలించి తెలుసుకుందంటే ఎవరూ మెచ్చుకోరనుకున్నాను."

"మీ కథంటే ప్రాణం కాబట్టే అంత వెతికానండీ!" అమ్మాయి లేచి నిలబడింది. "మీ నవలను అంత శ్రద్ధగా చదివినదాన్నా దొంగను చేశారు?"

రచయిత తల దించుకున్నాడు. యజమాని చేతులు నలుపుకుంటూ, "పోనీ, మనలో మనం సర్దుకుందాం..." అన్నాడు.

"కుదరదు!" అన్నది మాస్టారు. లాయరమ్మ కూడా ఉలిక్కిపడింది. "నలుగురిలో దొంగన్నారు. నలుగురిలోనే కాదనండి. ఇప్పుడే. మా కళ్ళముందు."

యజమాని అక్కడే కూర్చుని టైపు చేశాడు. బొమ్మ బయటపెట్టింది ఎవరో కూడా రాయించింది లాయరమ్మ.

బాబాయి దగ్గాడు. "పద తల్లీ, షాపుకెళ్దాం."

"వాళ్ళంటే పరాయివాళ్ళు. నువ్వు నన్ను ఒక్క మాట అడిగావా బాబాయ్?"

బాబాయి ఆమె వెంట రెండడుగులు వెనకగా నడిచాడు.

ఇంటికి పోతూ మాస్టారు ఆ షాపు ముందు ఒక్క క్షణం ఆగాడు. లోపల అమ్మాయి విప్పిన కంప్యూటరు ముందు ముఖం ముడుచుకుని కూర్చుంది. బాబాయి పక్కనే కంచం పెట్టి నిలబడ్డాడు.

"నాకింకా కోపం పోలేదు."

"పోనక్కర్లేదే. తప్పు నాది. ముందు తిను, తర్వాత తిడుదువుగాని."

ఆమె కంచం దగ్గరకు జరుపుకుంది. బాబాయి వెళ్ళి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూశాడు.