పచ్చిక కింద నీళ్ళు

సాయంత్రం భోజనం కాగానే వరండాలో కూర్చుని, ఐసు ముక్కలు వేసిన తియ్యటి టీ తాగడం వెండెల్ స్ట్రౌడ్‌కి అలవాటు. ఎదురుగా రోడ్డు, రోడ్డుకి ఆవల పార్కు, పార్కు మధ్యలో ఆ ఏడే పెంచిన పచ్చిక. ఆ పచ్చికంటే అతనికి మహా గర్వం. దాన్ని వేయించింది తనే మరి.

అంతకుముందు అక్కడ ఈతకొలను ఉండేది. అమెరికా దక్షిణాన అలబామా ఎండలకి హాలిస్‌బర్గ్ ఊరంతా అందులోనే పడి ఉండేది. ఊరంతా అంటే తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు కంచె బయట నించుని చూడొచ్చు, అదీ ఎక్కువసేపు కాదు. అందరి పన్నులతో కట్టిన కొలను అందరిదీ అని పందొమ్మిదివందల అరవై మూడులో కోర్టు తీర్పు చెప్పింది. పార్కుల కమిటీ పెద్దలు ఆ రోజే సమావేశమయ్యారు. వాళ్ళలో ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేవాడు, అందరికీ పెద్ద తలకాయ ఇనుప సామాన్ల కొట్టు వెండెల్. చదువూ సంస్కారమూ ఇస్త్రీ చొక్కాలూ అన్నీ ఉన్న ఆ మహానుభావుల బుర్రలకి తట్టిన ఉపాయం ఒక్కటే. కొలనుని పూడ్చేయడం! తమ పిల్లలు ఎండకి మాడినా ఫరవాలేదు, రైలుపట్టాల అవతలి నల్లపిల్లలు మాత్రం తడవకూడదు.

లారీలకొద్దీ ఎర్రమట్టి దిగింది. నీళ్ళు తోడించే ఓపిక కూడా లేకపోయింది వాళ్ళకి. నీళ్ళలోనే మట్టి పోసేశారు. పైన గడ్డి నాటి, బెంచీలు వేసి, రిబ్బను కత్తిరించి, తమకి తామే చప్పట్లు కొట్టుకున్నారు.

ఆగస్టులో ఒక సాయంత్రం వెండెల్‌కి, ఒకప్పుడు కొలను నీళ్ళలో కలిపిన క్లోరిన్ వాసన తగిలింది.

"నడీన్, బ్లీచింగులో బట్టలు నానబెట్టావా?"

"ఇవాళ కాదు కదండీ," అంది భార్య లోపల్నించి.

వెలుగు పల్చబడుతోంది. ఆకు కదలడం లేదు. కీచురాళ్ళు గోల పెడుతున్నాయి. వాసన మాత్రం అంతకంతకూ చిక్కబడి గొంతులో గీరుతోంది. ఉన్నట్టుండి కీచురాళ్ళన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

ధబ్!

ఎవరో నీళ్ళలోకి దూకిన చప్పుడు.

పచ్చిక ఖాళీగా ఉంది. వెండెల్ చెవులు రిక్కించాడు. నీళ్ళలోకి దూకిన మనిషి పైకి తేలాలి. గట్టిగా ఊపిరి తీసుకోవాలి. చేతులు ఆడించాలి. అవేవీ లేవు. దూకిన చప్పుడొక్కటే. ఆ తరవాత... ఏమీ లేదు.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. వారం గడిచేసరికి ఒకరి వెనక ఒకరు దూకుతున్నారు. ఒక్కరూ తేలడం లేదు.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"ఏం వినాలి?" అంది నడీన్ తల ఎత్తకుండా. ఆవిడ చేతిలో అల్లిక సూదులు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

ఆ వీధిలో అందరూ అంతే. చప్పుడు మొదలయ్యే వేళకి ప్రతి ఇంట్లోనూ రేడియో గొంతు పెరిగేది.

చివరికి వెండెల్ రైలుపట్టాలు దాటి ఒడెస్సా ప్రూయిట్ ఇంటికి వెళ్ళాడు. కొలను మీద కేసు వేసింది ఆవిడే. నల్లపిల్లల బడిలో పంతులమ్మగా ఉండేది. కేసు వేయగానే ఆ ఉద్యోగం పీకేశారు. కేసుకి ముందటి వేసవిలో ఆవిడ కూతురు అర్లెటా ఏట్లో మునిగి చనిపోయింది. ఆ పొద్దున ఆ పిల్ల భుజాన తువ్వాలు వేసుకుని కొలను గేటు దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర ఉన్నది వెండెలే. "ఏరు ఉంది కదే, పోయి దూకు," అని నవ్వి పంపించాడు.

ఒడెస్సా వరండాలో చిక్కుడు గింజలు ఒలుస్తోంది. కూర్చోమనలేదు.

"ఒడెస్సా, నీతో మాట్లాడాలి."

"చెప్పండి దొరా. మా గుమ్మానికి దారి బాగానే దొరికిందే!"

"మీ అమ్మాయి... రోజూ అక్కడ దూకుతోంది. నువ్వు చెబితే మానేస్తుందేమోనని..."

ఆవిడ చెయ్యి ఆగింది. పురుగు పట్టిన కాయని చూసినట్టు చూసింది అతన్ని.

"బతికుండగా రానివ్వని చోటికి చచ్చాక వస్తుందా నా బిడ్డ?"

"ప్రూయిట్ గారూ," అన్నాడు వెండెల్. నల్ల మనిషిని గారూ అనడం అతని జన్మలో అదే మొదలు. "మీకు దణ్ణం పెడతాను."

"అబ్బో! ఒంట్లో వణుకు పుడితే గాని నోట్లోంచి మర్యాద ఊడిపడదన్నమాట నీకు," అంది ఒడెస్సా. దొరా పోయింది, మీరూ పోయింది. "విను. నా అర్లెటా చర్చి వెనక నేలలో హాయిగా పడుకుంది. నీ కొలను దానికి అక్కర్లేదు. అక్కడ దూకుతున్నదెవరో నాకు తెలీదు. మా పిల్లలు మాత్రం కాదు. అందులో మీరేం పాతిపెట్టుకున్నారో అది మీదే, మీరే చూసుకోండి. ఇంక నడు. నాకు వంటకి వేళవుతోంది."

ఆదివారం చర్చి అయ్యాక పచ్చిక పక్కన చెట్ల కింద ఊరి విందు జరిగింది. మిట్టమధ్యాహ్నం. బల్లల నిండా వేపిన కోడి, మొక్కజొన్న రొట్టె, పుచ్చకాయ ముక్కలు. పళ్ళ డాక్టరు లేచి మన పెద్దలూ మన పద్ధతులూ అంటూ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

ధబ్!

నోటి దాకా వెళ్ళిన ఫోర్కులు ఆగిపోయాయి. డాక్టరు మళ్ళీ అందుకున్నాడు, ఇందాకటికంటే గట్టిగా. ధబ్! ధబ్! అందరూ నవ్వసాగారు. ఎందుకు నవ్వుతున్నారో ఎవరికీ తెలియదు. కోటుల్లో, లేసు టోపీల్లో కూర్చుని, మొహాలు పాలిపోయి, పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నారు.

పిల్లలు మాత్రం నవ్వలేదు. లేచారు. బూట్లు విప్పారు. మేజోళ్ళు విప్పారు. వెళ్ళి పచ్చిక అంచున వరసగా నించున్నారు... ఒకప్పుడు నీళ్ళలోకి దూకే పలక ఉన్న చోట. అందరికంటే ముందు వెండెల్ మనవరాలు ట్రూడీ. ముందుపళ్ళు ఊడిన పిల్ల, సెలవులకి మొబైల్ పట్నం నుంచి వచ్చింది. ఆ కొలనుని ఎన్నడూ చూసిన పిల్ల కాదు. చేతులు రెండూ పైకెత్తి, ముందుకి వంగింది.

"ట్రూడీ! వద్దు!"

వెండెల్ పరిగెత్తాడు. ధబ్! రెప్పపాటు... ఒక్క రెప్పపాటు అతనికి అక్కడ ఎవరూ కనపడలేదు.

"ఎందుకు తాతా అరుస్తావు?"

తన వెనకే నించుని ఉంది. కాళ్ళ కింద గడ్డి పొడిగా ఉంది. జుట్టులోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

"పాపం, ఎండకి ఎంత చెమట పట్టిందో!" అంది నడీన్ చేతిరుమాలుతో ఆ తల తుడుస్తూ. ఆ రుమాలు క్లోరిన్ వాసన వేస్తోంది. చుట్టూ ఉన్న పెద్దమనుషులందరూ చెమటే, చెమటే అని తలలూపారు.

కార్లు నిలుపుకోడానికి చోటు చాలడం లేదని ఆ వారమే కమిటీ తీర్మానించింది. ఉన్నవి నాలుగు కార్లు. ఎవరూ మారు మాట్లాడలేదు. పచ్చిక మీద జానెడు మందాన కాంక్రీటు పోయించారు. సిమెంటు వెండెల్ కొట్టులోదే.

కాంక్రీటు గట్టిపడిన సాయంత్రం వీధి ప్రశాంతంగా ఉంది. దూకిన చప్పుడు లేదు. వెండెల్ రోడ్డు దాటి వెళ్ళి, ఆ నున్నటి గచ్చు మీద తృప్తిగా అటూ ఇటూ నడిచాడు.

కాలి కింద ఏదో తట్టింది.

ఆగాడు. మళ్ళీ తట్టింది. కిందనుంచి... అరచేత్తో కొట్టినట్టు. మోకాళ్ళ మీద కూలబడి, చెవి ఆనించాడు.

"తాతా..."

ట్రూడీ గొంతు. ముందుపళ్ళు ఊడిన నోట్లోంచి గాలి పోతూ వచ్చే ఆ మాట ఇంకెవరిదీ కాదు.

"తాతా... పైకి రానీ... ఊపిరాడట్లేదు..."

కొట్టునిండా గునపాలున్నాయి. సమ్మెటలున్నాయి. వెండెల్ తలెత్తి చూశాడు. వీధి పొడుగునా వరండాల్లో జనం కూర్చుని ఉన్నారు. అందరూ ఇటు తప్ప అన్ని వైపులా చూస్తున్నారు. ఇప్పుడు తను ఒక్క దెబ్బ వేస్తే... వినపడిందని ఒప్పుకున్నట్టే. రేపు కమిటీలో ఏమంటారు?

లేచాడు. మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. మెల్లగా నడిచి ఇంటికి వచ్చాడు.

పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది.

"అక్కడ ఎవరు తాతా?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడు వెండెల్.

ఆ పిల్ల నవ్వింది. ముందుపళ్ళు... అన్నీ ఉన్నాయి.